రోహిణి ఎండల్లో మా మేడ మీద తోట

మే నెలలో విజయవాడలో మేడ మీద విత్తనాలు వేస్తామంటే ఎవరైనా నవ్వుతారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా. కానీ మా మామయ్యగారికి ఏదో ఒక పని కావాలి. అత్తయ్యగారు పోయాక పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేశారు. నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి ఫ్లాట్‌లో రోజంతా కిటికీ పక్కన మాటా పలుకూ లేకుండా కూర్చునేవారు. ఏడో తరగతికి వస్తున్న మా అమ్మాయేమో సెలవులన్నీ ఫోన్‌తోనే.

పది గ్రో బ్యాగులు, ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్ట్ తెప్పించి, మామయ్యగారిని ఏం వేద్దామని అడిగాను. "బెండ, గోరుచిక్కుడు, తోటకూర, ఆనప ఈ ఎండకీ వస్తాయమ్మా. నీళ్లూ నీడా చూసుకోవాలంతే" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నోట విన్న పెద్ద మాట అది.

బెండ, ఆనప గింజలు రాత్రంతా నానబెట్టారు. తోటకూర గింజలు మరీ సన్నం కనుక ఇసుక కలిపి చల్లాలని మనవరాలికి చూపించారు. ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టించాం. తేమ ఆరిపోకుండా మట్టి మీద ఎండుటాకులు పరిచాం. పొద్దున ఎండ ఎక్కకముందు, మళ్లీ పొద్దుగూకాక నీళ్లు పోసేవాళ్లం. బియ్యం కడిగిన నీళ్లూ మేడ ఎక్కాయి. ఒక మధ్యాహ్నం వాడిన మొక్కను చూసి పాప చెంబుతో పరిగెత్తితే, "ముందు మట్టిలో వేలు పెట్టి చూడు. తడి ఉంటే సాయంత్రానికి అదే తేరుకుంటుంది" అని ఆపారు. అలాగే తేరుకుంది.

నాలుగు వారాలకు తోటకూర పప్పులోకి వచ్చింది. ఇప్పుడు ఆనప తీగ పందిరెక్కింది. దాని తెల్లపూలు సాయంత్రాలు విచ్చుకుంటాయి. మా మేడ మీదికి పురుగులు పెద్దగా రావు. అందుకని మగపువ్వు తెంపి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దాలి. పరాగ సంపర్కం పాఠం క్లాసులో మొదలవకముందే మా పాప చేత్తో చేసేసింది. అద్దిన మూడింటిలో ఒక పిందె పసుపెక్కి రాలిపోయింది. "మిగతావి చూద్దాం లేవే" అన్నారు తాతయ్య.

బడి తెరిస్తే ఇదంతా ఆగిపోతుందేమో, మామయ్యగారు మళ్లీ కిటికీ దగ్గరికి చేరతారేమోనని భయపడ్డాను. స్కూల్ బస్సు ఏడున్నరకు. ఆరింటికల్లా తాతామనవరాళ్లు మేడ మీద ఉంటున్నారు. పాప బడిలో ఉన్నంతసేపూ తోట కాపలా ఆయనదే. సాయంత్రం బస్సు దిగగానే చెప్పడానికి ఆయన దగ్గర కబుర్లుంటున్నాయి.

వానలు మొదలయ్యాయి, బీర, కాకర పెట్టడానికి ఇదే అదను. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే విత్తనాల ప్యాకెట్ ముందు వాళ్ల చేతికే ఇవ్వండి.

– ఏడో తరగతి విద్యార్థిని తల్లి, విజయవాడ