పేరుపెట్టి పిలిచే దేవుడు

మా నాయన కోలారు బంగారు గనుల్లో పనిచేసేవారు. అక్కడ ఆయన్ని పేరుతో కంటే నంబరుతోనే ఎక్కువగా పిలిచేవారు. 2001లో గనులు మూతపడ్డాయి. నంబరూ పోయింది. "ఇంక నేనెవర్నే?" అని అమ్మను అడిగేవారు. ఆదివారం ఆరాధనకూ రానన్నారు.

అమ్మ వాదించలేదు. రోజూ రాత్రి కుటుంబ ప్రార్థనలో తెలుగు బైబిలు చదివేది. ఒకనాడు యెషయా 43వ అధ్యాయం వచ్చింది. దేవుడు తన జనాన్ని పేరుపెట్టి పిలిచాడన్న మాట దగ్గర నాయన "మళ్లీ చదువు" అన్నారు. మూడుసార్లు చదివించుకున్నారు.

ఆ ఆదివారం మాకంటే ముందే గుడికి బయలుదేరారు. పని దొరకడానికి రెండేళ్లు పట్టినా, ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఇప్పుడు నేను బెంగళూరులో మెడలో కార్డుతో ఉద్యోగానికి వెళ్తున్నాను. ఆ కార్డు ఏనాడైనా తిరిగి ఇచ్చేయాల్సిందే. దేవుని బిడ్డనన్న గుర్తింపును మాత్రం ఎవరూ తిరిగి అడగలేరు.