చదువుట వేరు, గ్రహించుట వేరు



తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుండి 1 మొదలు 8వ తరగతి వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. మన పల్లె పిల్లలు ఇంగ్లీషు పాఠము గడగడా చదువుతుంటే తల్లిదండ్రులకు ఎంతో సంతోషము. అయితే “దీని భావమేమి?” అని అడిగితే చాలామంది తల వంచుకొంటారు.

నెహెమ్యా 8:8 చూడండి. నీటి గుమ్మము ఎదుట జనులు కూడినప్పుడు లేవీయులు గ్రంథమును చదివి ఊరుకోలేదు, విన్నవారికి బోధపడేలా విప్పి చెప్పారు. చదువు చెప్పేవారికి ఇది మంచి మాదిరి.

మా దంపతులము ఆదివారము సాయంత్రము మందిరములో సంఘపు పిల్లలకు ఇంగ్లీషు చదవటం నేర్పుతున్నాము. ఒక వారము పాఠ్యపుస్తకానికి బదులు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు తీసుకొన్నాము. విరేచనాలప్పుడు ప్రతి ఇంట వాడేవే గదా!

ముందుగా లీటరు సీసా, గ్లాసు, చెంచా బల్లమీద పెట్టి, ‘వాటర్’, ‘డిజాల్వ్’ వంటి 5 మాటలు చేసి చూపించాము. తరువాత బోర్డుమీద తెలుగులో రెండే ప్రశ్నలు వ్రాశాము: ఈ పొడి ఎంత నీటిలో కలపాలి? కలిపిన నీళ్లు ఎన్ని గంటలలోపు త్రాగాలి? ఇద్దరిద్దరికి ఒక పొట్లమిచ్చి, పైకి చదవకుండా జవాబు వెదకమన్నాము. జవాబు తెలుగులో చెప్పవచ్చు గాని, అది ఉన్నచోట వ్రేలు పెట్టి చూపాలి.

ఒక జత “లీటరు” అన్నారు, మరొక జత “200 మిల్లీలీటర్లు” అన్నారు. పెద్ద వాదులాట! ఇద్దరిదీ సరియే. మేము కావాలనే రెండు రకాల పొట్లాలు తెచ్చాము. లీటరు పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు మితిమీరి పసిబిడ్డకు ప్రమాదమని చెప్పగానే గది నిశ్శబ్దమైంది. ఎన్నడూ నోరు విప్పని ఆరవ తరగతి అమ్మాయి లేచి, “ఇకమీద మా తమ్ముడికి కలిపేముందు నేనే చదివి చెప్తా” అన్నది. 24 గంటల మాట కూడా ఆమే వెదకి చూపింది.

ఆ తరువాతే అందరిచేత పైకి చదివించాము. భావము తెలిసింది గనుక తడబాటు తగ్గింది.

సంఘ యౌవనస్థులారా, దీనికి పెద్ద డిగ్రీలు అక్కరలేదు. మొదట మాటలు చూపండి, వెదకటానికి ఒక ప్రశ్న ఇవ్వండి, తెలుగులో జవాబు చెప్పనివ్వండి, చివర పైకి చదివించండి. తప్పు చదివిన బిడ్డను చూచి ఎవరినీ నవ్వనివ్వకండి. చదివినదాని భావము ఇంటివారికి చెప్పగల బిడ్డ ఒక్కరున్నా ఆ ఇంటికి ఎంతో మేలు. అట్టి బిడ్డలను ప్రభువు మన సంఘములలో లేపును గాక. ఆమేన్.