నిజాంపేట దారిలో లెక్కల పెట్టె

"నిజాంపేట పోవాలి" అని హైదరాబాదులో ఎవరితోనైనా అని చూడండి. "ఎంతసేపండీ, కూకట్‌పల్లి దాటితే అదేగా!" అంటారు. వారు చెప్పేది బాచుపల్లి పక్కనున్న నిజాంపేట. అక్కడ ఇప్పుడు మేడ మీద మేడ, మనిషి మీద మనిషి. నారాయణఖేడు వైపువారిని అడిగితే ఇంకొక నిజాంపేటను చూపిస్తారు. నిజాం పేరు మోస్తున్న ఊళ్ళు ఈ సీమలో ఒకటా, రెండా! మేము పోయినది మాత్రం మెదకు జిల్లాలోని నిజాంపేట. రామాయంపేట నుంచి సిద్దిపేట పోయే దారిలో ఉన్న మండల కేంద్రమది. యాత్రికులు వెతుక్కుంటూ వచ్చే ఊరు కాదు. "మీ ఊళ్ళో చూడదగ్గ వింత ఏముంది?" అని అడిగితే ఊరివారే నవ్వేస్తారు. అందుకని కాబోలు, వింతను మేమే కారులో పెట్టుకుని తీసుకుపోయాము.

కారంటే కొత్తది కాదు. 1980ల నాటి మార్కు-4 అంబాసిడర్. ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే నెలతో ఈ కార్ల తయారీ ఆగిపోయింది. మా బండి మొదట నిజాంపేటలో ఉండే మా పెద్దనాయనగారిది. ఆయన దానిని ఎంతో అపురూపంగా చూసుకుని, చూపు మందగించిన తరువాత మా చేతికి ఇచ్చారు. ఇప్పుడు ఇంట్లో దాని మీద రెండు పక్షాలు ఏర్పడ్డాయి. "పెట్రోలులో ఇరవై పాళ్ళు ఇథనాలు కలుపుతున్నారు. పాతబండి లీటర్లకు లీటర్లు తాగేస్తోంది. అమ్మేద్దాము" అని పిల్లల పక్షం. "తాగుతున్నదని నీకెవరు చెప్పారు?" అని పెద్దల పక్షం. చిత్రమేమిటంటే, ఇరుపక్షాల దగ్గరా లెక్క లేదు! పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, తనిఖీకి నిలబెట్టాలి, పన్ను కట్టాలి. ఆ గడువు మళ్ళీ దగ్గర పడుతున్నది. పెద్దనాయనగారి మాట తెలుసుకోకుండా ఆ బండిని అమ్మడం మాకెవ్వరికీ ఇష్టం లేదు. ఆయన ముందుకు ఉత్త మాటలతో పోవడమూ ఇష్టం లేదు. అందుకే బండికి లెక్కల పెట్టె బిగించాము.

కొత్త కార్లలో వేగం చూపే పలక పక్కన చిన్న తెర ఒకటి ఉంటుంది. ఎంత దూరం వచ్చాము, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తున్నది, మిగిలిన పెట్రోలుతో ఇంకెంత దూరం పోవచ్చు అని చెబుతుంది. దానినే ట్రిప్ కంప్యూటరు అంటారు. దారిని కొలవాలన్న ఆశ మాత్రం కొత్తది కాదు. రెండు వేల ఏళ్ళ కిందటి రోము శిల్పి విట్రూవియస్ తన గ్రంథంలో ఒక బండిని వర్ణించాడు. చక్రం తిరిగిన కొద్దీ పళ్ళచక్రాలు కదిలి, మైలుకొక గులకరాయి పెట్టెలో పడుతుంది. ప్రయాణం ముగిశాక రాళ్ళు లెక్కపెట్టుకోవడమే! కారులో ఈ పనిని కంప్యూటరుకు అప్పగించిన తొలివారిలో అమెరికాలోని క్యాడిలాక్ కంపెనీవారు ఒకరు. 1978లో తమ సెవిల్ కారులో, అదనపు ధర చెల్లించినవారికి, దానిని అమర్చి ఇచ్చారు. దరిమిలా పాత కార్లవారు సొంతంగా బిగించుకునే పెట్టెలు కూడా అక్కడి అంగళ్ళలోకి వచ్చాయి. "కాంప్యుక్రూజ్" అనేది అటువంటిదే. మా పెట్టె దానికి చిన్న తమ్ముడనుకోండి.

ఇందులో కిటుకు ఏమిటంటే, పెట్టెకు తెలియవలసినవి రెండే రెండు సంగతులు: ఎంత దూరం పోయాము, ఎంత పెట్రోలు ఖర్చయింది. కాలం లెక్క దాని కడుపులోనే ఉంటుంది. తక్కినవన్నీ భాగహారాలు, హెచ్చవేతలు.

దూరం తెలిసే ఉపాయం అంబాసిడర్‌లో సులభం. ఇంజను ముందు, నడిచే చక్రాలు వెనుక. రెంటినీ కలుపుతూ కారు కడుపు కింద పొడుగాటి ఇనుప కడ్డీ తిరుగుతూ ఉంటుంది. ఆ కడ్డీకి చిన్న అయస్కాంతాలు కట్టి, ఎదురుగా చట్రానికి ఒక సెన్సారు బిగిస్తారు. అయస్కాంతం ఎదుటికి వచ్చినప్పుడల్లా పెట్టెకు ఒక విద్యుత్ సంకేతం పోతుంది. చక్రం ఒక్కసారి తిరిగేలోగా ఈ కడ్డీ నాలుగు సార్లకు పైగా తిరుగుతుంది గనుక లెక్క నిక్కచ్చిగా వస్తుంది.

పెట్రోలు సంగతి కొంత చిక్కు. ఇంజెక్షను కార్లలో ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకున్నదో చూసి ఖర్చు కట్టవచ్చు. మా బండిది కార్బ్యురేటరు. అందుచేత పెట్రోలు గొట్టాన్ని మధ్యలో కోసి ఒక చిన్న ప్రవాహ మీటరు పెట్టవలసి వచ్చింది. లోపల బుల్లి చక్రం, పెట్రోలు పోయిన కొద్దీ అది తిరుగుతుంది. కొన్ని కార్లలో మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకుకు పోయే రెండో గొట్టం ఉంటుంది. వాటికి రెండు మీటర్లు పెట్టి, పోయినదానిలోంచి తిరిగి వచ్చినది తీసివేయాలి. మాకు ఆ బాధ లేదు.

హైదరాబాదులో ఈ పని చేసిన మెకానిక్కు నడివయసువాడు, మాట తక్కువ. "ఇంజన్ను ముట్టే పనే లేదు సార్. కానీ పైపులు మాత్రం అన్నీ మార్చాలె" అన్నాడు. ఎందుకని అడిగితే పాత రబ్బరు గొట్టాన్ని వంచి చూపించాడు. దాని మీద నెరియలు. ఇథనాలు పాతరకం రబ్బరును మెత్తబరచి పాడు చేస్తుంది. దానికి తట్టుకునే గొట్టాలు, గట్టి క్లిప్పులు వేయించాము. పెట్టెకు వచ్చే తీగకు విడిగా ఫ్యూజు పెట్టాడు. ప్లగ్గుల తీగలకు దూరంగా, పైన లోహపు అల్లిక ఉన్న తీగలను నడిపించాడు. ప్లగ్గు రవ్వ వల్ల దొంగ సంకేతాలు పుట్టి, కదలని బండి కూడా పరుగెత్తుతున్నట్టు తెర మీద కనిపిస్తుందట! చివరకు పాతకాలపు డయళ్ళ కింద అరచేతిలో సగమంత తెర వెలిగింది.

బిగించినంత మాత్రాన నిజం చెప్పదు. దానికి పాఠం చెప్పాలి. కొలపాత్రతో లీటరు పెట్రోలు పంపి ఎన్ని సంకేతాలు వచ్చినవో రాసుకున్నాము. దూరానికి మాకు దొరికిన ఉపాధ్యాయులు దారి పక్క కిలోమీటరు రాళ్ళు. బోయినపల్లి, కొంపల్లి దాటి మేడ్చల్ వచ్చేవరకు రద్దీ. అక్కడినుంచి ఉత్తరంగా సాగే పెద్దరోడ్డు ఒకప్పుడు ఏడో నంబరు జాతీయ రహదారి, 2010 తరువాత నలభై నాలుగోది. కాశ్మీరాన్నీ కన్యాకుమారినీ కలిపే దారి ఇదే. పసుపు తల కట్టుకున్న రాయి దగ్గర పెట్టెను సున్నా చేసి, ఇరవయ్యో రాయి దాకా పోయి సరిచూసుకున్నాము. టైరు అరిగినా, గాలి తగ్గినా చక్రం చుట్టుకొలత మారుతుంది. అందుకని ముందే బంకులో గాలి కొట్టించాము.

తూప్రాను దాటాక పరీక్ష మొదలుపెట్టాము. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో తెర పదకొండు చూపింది. పిల్లవాడి ముచ్చటకు ఎనభైకి పోతే తొమ్మిదికి దిగింది. వేగం పెరిగితే గాలి అడ్డగింపు ఆ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంబాసిడర్ ఆకారమా, గాలిని కోసుకుపోయేది కాదు, తోసుకుపోయేది! పిల్లవాడు తనంత తానే "అరవైకే రండి" అన్నాడు. ఎవరు చెప్పినా వినని మాటను తెర చెప్పగానే విన్నాడు. అయితే ఒక హెచ్చరిక: ఆ క్షణపు అంకెను నమ్ముకోరాదు. కార్బ్యురేటరు తొట్టి నిండినప్పుడు పెట్రోలు ఆగుతుంది, తగ్గినప్పుడు పారుతుంది. అందుచేత అంకె గంతులు వేస్తూ ఉంటుంది. పది కిలోమీటర్ల సగటును చూడాలి. అదీ నడిపేవారు కాదు, పక్కన కూర్చున్నవారు చూడాలి.

చేగుంట, నార్సింగి దాటితే రామాయంపేట. ఎడమకు తిరిగితే మెదకు, కుడికి తిరిగితే సిద్దిపేట. మేము కుడికి మళ్ళాము. రాతిగుట్టలు, వాటి సందుల్లో చెరువులు, చెరువుల కింద వరి, మెరకన మొక్కజొన్న. రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట కారు మెల్లగా పక్కకు తీయాలి. ఆ కుప్పల చుట్టూ పోతున్నప్పుడు మైలేజీ పడిపోయినా ఎవరికీ విచారం కలగలేదు. మెతుకుసీమ అని పేరున్న ప్రాంతంలో వడ్లు దారి ఇవ్వమంటే ఇవ్వవలసిందే కదా.

పెద్దనాయనగారు అరుగు మీదనుంచి లేచి వచ్చి, మమ్మల్ని పలకరించక ముందే బండి బానెట్టు మీద చెయ్యి వేశారు. తెర చూపించి సంగతంతా చెప్పాము. కళ్ళద్దాలు పైకి జరిపి చూశారు.

"గిదేం చెప్తది బిడ్డా?"

"లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో చెప్తది పెద్దనాయనా."

"గంతేనా? అది నా బుక్కు గూడ చెప్తది" అన్నారాయన.

లోపలికి పోయి, బియ్యం డబ్బా వెనుకనుంచి ఒక పాత నోటుబుక్కు తెచ్చారు. అట్ట చిరిగింది గాని లోపల అక్షరాలు ముత్యాలు. తేదీ, మీటరు అంకె, పోయించిన పెట్రోలు, ఇచ్చిన పైకం. ప్రతిసారీ ట్యాంకు మూతిదాకా నింపించి, మధ్య దూరాన్ని లీటర్లతో భాగించి, పక్కన ఎర్రసిరాతో అంకె వేశారు. హైదరాబాదు ప్రయాణాలకు విడిగా గుర్తు పెట్టారు. మా ఇంట్లో ఇరుపక్షాలకూ కరువైన లెక్క అన్నేళ్ళుగా ఆ డబ్బా వెనుక ఉన్నదన్నమాట!

ఆ గుర్తున్న ప్రయాణాలన్నీ కలిపి సగటు తీస్తే లీటరుకు 10.8 కిలోమీటర్లు వచ్చింది. ఆనాటి మా ప్రయాణానికి తెర చూపినది 9.8. తేడా వందకు తొమ్మిది పైచిలుకు. పిల్లలు "చూశారా!" అన్నారు. అప్పుడు కాగితం తీసుకుని ఇంకో లెక్క వేశాము. లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికన్నా ఇంచుమించు మూడోవంతు తక్కువ. అది ఐదో పాలు కలిస్తే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గాలి. పాతరకం పెట్రోలుకు తయారైన కార్లలో ఆరేడు శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ పత్రం కూడా అంచనా కట్టింది. అంటే తగ్గినదానిలో పెద్ద వంతు పెట్రోలుది. మిగిలిన రెండు మూడు శాతమే బండి వయసుది, మేడ్చల్ దాకా పట్టిన రద్దీది. "సగానికి సగం తాగేస్తోంది" అన్న పుకారు అక్కడితో చచ్చిపోయింది. ఒక్క ప్రయాణంతో తీర్పు చెప్పరాదనుకోండి. కాని పోట్లాటకు ఒక హద్దు ఏర్పడింది.

మర్నాడు అందరం మెదకు పోయాము. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రార్థనకు తెరుచుకున్న అక్కడి పెద్ద చర్చి గోపురం 175 అడుగుల ఎత్తు. ఆ కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని చూపి కూలి ఇవ్వడానికి చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర దానిని కట్టించాడు. రంగుటద్దాల కిటికీల వెలుగులో పెద్దనాయనగారు కాసేపు మౌనంగా నిలబడ్డారు. బయటికి వచ్చి, ముందుసీటులో కూర్చుని, "ఇప్పుడెంత?" అని తెర చూపించారు. ఇంటికి చేరేదాకా ఆ అంకెలు చదివే ఉద్యోగం ఆయనదే.

పాతకారు ఉన్న పాఠకులకు రెండు ముక్కలు. మీది 2013 ఏప్రిలు తరువాత తయారైన కారైతే ఈ కోతలూ అతుకులూ అక్కరలేదు. స్టీరింగు కింద పదహారు రంధ్రాల సాకెట్టు ఉంటుంది. దానికి తగిలించే చిన్న పరికరం ఫోనుకే లెక్కలు పంపుతుంది. అంతకన్నా పాతదైతే పెట్రోలుకు పనికివచ్చే ప్రవాహ మీటరునే అడిగి కొనండి, నీళ్ళ మీటరు ప్రమాదం. గొట్టాలు మార్పించండి, ఫ్యూజు మరువకండి, బిగించిన వారం రోజులు బానెట్టు ఎత్తి వాసన చూడండి. ఇవేవీ వద్దనుకుంటే ఒక నోటుబుక్కు, ఎర్రసిరా కలము చాలు.

ఇంతకూ బండి అమ్మలేదు. రిజిస్ట్రేషను పొడిగించడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాము. ఖర్చు ఎక్కువేనని పిల్లలు ఇప్పటికీ అంటారు, అది నిజమే. కిలోమీటరుకు ఎంత ఎక్కువో ఇప్పుడు పైసలతో సహా చెప్పగలరు. పెద్దనాయనగారి నోటుబుక్కు మా కారులోనే ఉన్నది. అందులో ఇంకా పద్దెనిమిది ఖాళీ పుటలు ఉన్నవి. ట్యాంకు నింపినప్పుడల్లా పిల్లవాడు తెర మీది అంకెను అందులోకి ఎక్కిస్తున్నాడు, పక్కన ఎర్రసిరాతోనే.