కప్పుకూ చెవులుంటాయి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను రెండూ చేసి చూశాను. పెళ్ళి సంగతి ఇక్కడ అప్రస్తుతం. ఇల్లు కట్టిన తరువాత కప్పు కింద మరొక కప్పు, అందులోనూ చెక్కబద్దల కప్పు, వేయించబోయి నేను పడిన పాట్లు మాత్రం, కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న మనవాళ్ళకు ఉపయోగిస్తాయేమోనని రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లానుంచి చెన్నపట్నం వచ్చి స్థిరపడిన కుటుంబం. పురసవాకంలో మా తాతగారు 1934లో కట్టించిన ఇంట్లోనే మా నాయనా పుట్టాడు, నేనూ పుట్టాను. ఆ కాలపు పట్నపు ఇళ్ళలో చాలావాటికి ఉన్న కప్పే దానికీ ఉండేది. మద్రాసు టెర్రసు అంటారు. ఈ గోడనుంచి ఆ గోడకు టేకు దూలాలు దగ్గర దగ్గరగా పరుస్తారు. వాటిమీద పల్చని చిన్న ఇటుకలను నిలువుగా నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో పేరుస్తారు. దానిపైన ఇటుకముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస కొట్టి, అన్నిటికంటె పైన పలకపెంకులు పరుస్తారు. సిమెంటు లేదు, ఇనుపకడ్డీ లేదు. మంచంమీద వెల్లకిలా పడుకుంటే నల్లని దూలాలూ, వాటి నడుమ తెల్లని సున్నపు చారలూ కనిపించేవి. నేను లెక్క పెట్టడం నేర్చుకున్నది ఆ దూలాలమీదనే.

అటువంటి కప్పుకు శత్రువు ఒక్కటే, నీరు. పైపెంకుల సందులు ఏటేటా చూసుకోకపోతే నీరు దిగి, గోడలో దిగిన దూలపు కొనలు చివికిపోతాయి. మేము చూసుకోలేదు. 2021లో ఇల్లు దించవలసివచ్చింది. పాతకలప వ్యాపారి వచ్చి దూలాలన్నీ కొలుచుకుని పట్టుకుపోయాడు. కొనలు చివికిన పద్ధెనిమిదింటిని మాత్రం, “ఇవి నాకు వద్దు సార్, వంటచెరుక్కి వాడుకోండి” అని వదిలేశాడు. వాటిని పెరట్లో రేకుల కింద పేర్చి మరచిపోయాము.

2022 వైశాఖంలో కొత్త ఇంట్లో పాలు పొంగించాము. హాలు పదిహేనడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. కింద నున్నని పలకరాళ్ళు, పైన నున్నని శ్లాబు, ఒక పక్క నిలువెత్తు అద్దాల కిటికీ. వచ్చినవాళ్ళంతా “అద్దంలా ఉందండీ” అన్నారు. అదే వచ్చిన చిక్కని మాకు అప్పుడు తెలియదు.

మా అమ్మకు అప్పటికి ఎనభై దాటాయి. చెవియంత్రం పెట్టుకుంటుంది. పాతింట్లో పదిమంది మధ్య కూర్చుని అందరి మాటా పట్టుకుని, అందరికీ జవాబు చెప్పేది. కొత్తింటికి వచ్చిన రెండు నెలలకే హాల్లోకి రావడం మానేసింది. అన్నం తన గదిలోనే, జపం తన గదిలోనే. పండక్కి పిల్లలందరూ చేరి గోల చేస్తూంటే తలుపు దగ్గరగా వేసుకునేది. పాత ఇంటిమీద బెంగ పెట్టుకుందని నేను అనుకున్నాను. నామీద కోపమని మా ఆవిడ అనుకున్నది.

సంగతి కనిపెట్టింది మా అక్క. మైసూరునుంచి వచ్చిన మరునాడు హాల్లో అమ్మ పక్కన కూర్చుని, “కాఫీ తాగావా?” అని అడిగింది. “సాఫీగానే సాగింది, దానికేం” అన్నది అమ్మ. అందరమూ నవ్వాము. అమ్మ నవ్వలేదు, లేచి గదిలోకి పోయింది. అక్క వెనకాలే వెళ్ళి అదే మాట గదిలో అడిగితే సరిగానే జవాబు చెప్పిందట. ఆ గదిలో పరుపు ఉన్నది, బట్టల గుట్ట ఉన్నది, కిటికీకి దళసరి తెర ఉన్నది. హాల్లో ఏమీ లేదు. అక్క వచ్చి హాలు నడుమ నిలబడి ఒక్క చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు గింగురుమంటూ ఒక క్షణం గాలిలోనే నిలిచిపోయింది. “అమ్మకు బెంగా లేదు, కోపమూ లేదురా. ఈ గదిలో దానికి మాట తెలియడంలేదు, అంతే” అన్నది.

తరువాత నేను చదివి తెలుసుకున్నదాన్ని టూకీగా చెబుతాను. సిమెంటు, అద్దం, పలకరాయి తమమీద పడిన శబ్దంలో దాదాపు అంతా తిరగగొడతాయి. ఒక మాట సద్దుమణిగేలోగా రెండో మాట దానిమీద పడుతుంది. మన మాటల్లో అచ్చులు బలమైనవి, నిలబడతాయి; క, చ, త, స వంటి హల్లులు సన్నవి, ఆ రొదలో మునిగిపోతాయి. అందుకే కాఫీ సాఫీ అయింది. చెవియంత్రం మాటతోపాటు ఆ రొదనూ పెంచుతుంది. పాత ఇంట్లో దూలాలు కిందికి పొడుచుకుని ఉండి శబ్దాన్ని తలా ఒక దిక్కుకు చెదరగొట్టేవి. సామానూ, పరుపులూ, పుస్తకాలూ కొంత మింగేవి. అక్కడ కప్పు కూడా మా మాటలు వినేదన్నమాట. గోడలకు చెవులుంటాయని హెచ్చరికగా అంటాం గాని, ఉండవలసిన చోట ఉండకపోతే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

సరే, కప్పు మారుద్దామనుకున్నాను. 2023 వేసవిలో ఒక దుకాణానికి వెళ్ళాను. చెక్కబద్దల కప్పులు ఇప్పుడు అంతటా వాడుకలో ఉన్నవి: హాళ్ళలో, కార్యాలయాల్లో, బయట వరండాలకూ, పోర్టికోలకూ కూడా. దుకాణంవాడు నున్నని పలకలు తెచ్చి చూపాడు. నల్లని పలకమీద టేకు రంగు బద్దలు తీర్చినట్టున్నాయి. చూడగానే మనసు పడ్డాను. హాలుకూ, వీధివరండాకూ అదే వేయించాను. శ్లాబుకు నేరుగా జిగురుపెట్టి, మేకులు కొట్టి, రెండు రోజుల్లో పని ముగించిపోయారు.

హాల్లో అక్క చప్పట్లు మళ్ళీ కొట్టి చూశాను. ఇంచుమించు అదే గింగురు. కారణం తరువాత తెలిసింది. బద్దల మధ్య సందున్నా, ఆ సందు వెనక గట్టి పలక ఉన్నది. దాని వెనక శ్లాబు ఉన్నది. శబ్దం సందులో దూరి అదే దారిన బయటికి వచ్చేస్తున్నది. కప్పుకు చెవి బొమ్మ గీశాం గాని, చిల్లి పెట్టలేదు.

వరండా కథ అంతకంటె త్వరగా తేలింది. అది చెక్క కాదు. చెక్కపొట్టును జిగురుతో అచ్చొత్తి పైన పల్చని టేకు పొర అంటించిన అట్ట. ఎం.డి.ఎఫ్. అంటారు. ఇంటిలోపల పొడిగా ఉన్నచోట దాని పని అది చేస్తుంది. తడి తగిలితే ఉబ్బి, మళ్ళీ ఆరినా పూర్వపు రూపానికి రాదు. మన ఊళ్ళో వానంతా ముఖ్యంగా అక్టోబరు మొదలు డిసెంబరుదాకా కురుస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి నగరమంతా నీళ్ళలో నిలిచినప్పుడు మా వరండా కప్పు అప్పడంలా ఉబ్బింది. సంక్రాంతినాటికి ముక్కలు ముక్కలుగా ముగ్గులో రాలింది. దుకాణంవాడిని అడిగితే, బయటికి వాడతారని మీరు చెప్పలేదు అన్నాడు. నేను అడగలేదన్నదీ నిజమే.

అప్పుడు పిలిపించాము మా పాత ఆచారిని. ఆయన తండ్రి మా నాయనకు అల్మారాలు చేసినవాడు. వచ్చి, రాలిన ముక్కలు చేత్తో నలిపి చూసి, పెరట్లోకి నడిచాడు. రేకుల కింది దూలాలను చూసి, చివికిన కొనను ఉలితో గీకి, ఇంకొంచెం లోపలికి గీకి, నా ముక్కు దగ్గర పెట్టాడు. తొంభై ఏళ్ళ కర్ర. ఇంకా టేకు వాసన వస్తున్నది. “కొన ఒకటిన్నర అడుగు పోయింది. మిగతాది నాకూ నీకూ తరువాత కూడా ఉంటుంది. దీన్ని ఇక్కడ పెట్టుకుని అట్ట ఎందుకు కొన్నావయ్యా?” అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

లెక్క ఆయనే వేశాడు. ఒకటిన్నర అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం మందం బద్ద; బద్దకూ బద్దకూ ముప్పావు అంగుళం సందు. అంటే కప్పులో మూడోవంతు ఖాళీయే. మా హాలు 180 చదరపుటడుగులకు తయారైన కర్ర ఏడున్నర ఘనపుటడుగులు చాలు. కోతలోనూ చిత్రికలోనూ పోయేదాన్ని కలుపుకుంటే పన్నెండు కావాలి. బరువు 140 కిలోల లోపు. శ్లాబుకు అది లెక్కలోది కాదు. సందు ఇంకా తగ్గించితే చూపుకు నిండుగా ఉంటుంది గాని, సన్నని హల్లులు లోపలికి పోవన్నాను నేను, చదివిన జ్ఞానంతో. ఆచారి నవ్వి ఒప్పుకున్నాడు.

కోత మొదలైన రోజే రంపపు పళ్ళు రాలాయి. దూలాల్లో ఎవరో ఎప్పుడో కొట్టిన మేకులు తల విరిగి లోపలే ఉండిపోయినాయి. ఉయ్యాల గొలుసుకు వేసిన కొక్కెం ఒకటి కూడా వచ్చింది. మా చిన్నచెల్లెలి ఉయ్యాల అది. అప్పటినుంచి అయస్కాంతం పెట్టి తడిమి, మేకులు పీకిన తరువాతనే కోశారు.

హాల్లో శ్లాబుకు మూడంగుళాలు దించి తుప్పుపట్టని పూత ఉన్న ఇనుప చట్రం బిగించాము. చట్రానికి నాసిరకం కర్ర వాడితే చెద మొదట దానికే పడుతుందట. శ్లాబుకూ బద్దలకూ మధ్య రెండంగుళాల మందాన రాతిఉన్ని పరిచాము. నల్లరాతిని కరిగించి పీచులా తీసినది. అంటుకోదు, శబ్దాన్ని మింగుతుంది. పీచు కళ్ళలో రాలకుండా దాని కింద నల్లని పల్చని గుడ్డ. ఆ కింద బద్దలు. దీపారాధన గూటిపైనా, వంటింట్లోనూ కర్ర వద్దంటే వద్దన్నాడు ఆచారి. మంటకు దూరంగా ఉంచాలన్నది పెద్దలు చెప్పనక్కరలేని మాటే. విద్యుత్తు తీగలన్నీ గొట్టాల్లోంచే పోనిచ్చాము.

వరండా పద్ధతి వేరు. అక్కడ ఉన్ని అక్కరలేదు, గాలి ఆడాలి. కర్ర తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవున ఉబ్బడం బహు స్వల్పం. కనుక బద్దల మధ్య సందు ఉంచి, గోడకు తగలనీయకుండా అంగుళం వదిలాము. కోసిన కొనలే నీరు ఎక్కువ తాగుతాయి గనుక వాటికి ముందే పూత పూశాము. సముద్రపు గాలికి ఇనుపమేకు తుప్పుపట్టి కర్రమీద నల్లచార దింపుతుంది; అందుచేత ఇత్తడి మరలే వాడాము. ఏటా వానలకు ముందు నూనె పూయాలి. పూయకపోతే టేకు చెడదు గాని, రంగు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది.

పాతదూలాలు లేనివాళ్ళు విచారించనక్కరలేదు. కారైక్కుడి వంటి చోట్ల పాత ఇళ్ళ కర్ర ఇప్పటికీ దొరుకుతుంది. ప్లాస్టిక్కు కలిపిన చెక్కబద్దలకు చెదభయం లేదు. కాని అవి ఎండకు పొడవున సాగుతాయి, కొనల దగ్గర చోటు ఉంచాలి. కర్రరంగు వేసిన అల్యూమినియం బద్దలు బయట వానకు నిలుస్తాయి. ఏది కొన్నా, దుకాణంలో రెండే ప్రశ్నలు అడగండి: దీనిమీద వాన పడితే ఏమవుతుంది? దీని వెనక ఏముంటుంది? రంగు సంగతి తరువాత.

ఈ పని జరుగుతున్న రోజుల్లోనే ఆల్వార్ ఆల్టో అనే ఫిన్లండు శిల్పి సంగతి చదివాను. ఆయన విపూరి అనే ఊళ్ళో కట్టిన గ్రంథాలయం 1935లో తెరిచారు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉన్నది. అందులోని ఉపన్యాసశాలకు సన్నని కర్రబద్దలతో అలలు అలలుగా కప్పు వేశాడు. వేదికమీది వక్త మాటే కాక, ఏ మూల కూర్చున్నవాడు లేచి మాట్లాడినా అందరికీ వినపడాలని ఆయన ఉద్దేశం. యుద్ధం తరువాత పాడుపడి, మరమ్మతులు పూర్తయి, 2013లో మళ్ళీ తెరిచారు. ఆయన కప్పు మాటను అందరికీ పంచిపెడుతుంది. మాది రొదను మింగి మాటను మిగులుస్తుంది. దారులు వేరైనా, కోరినది ఒక్కటే.

2024 ఉగాదికి అక్క మళ్ళీ వచ్చింది. హాలు నడుమ నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పుడు టక్కున ఆగిపోయింది. అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకువచ్చి కూర్చోబెట్టాము. పిల్లలు పక్కనే గోల చేస్తున్నారు. పచ్చడి చేతికిస్తూ అక్క కొంచెం మెల్లగానే, “చేదు ఎక్కువైందా అమ్మా?” అని అడిగింది.

“చేదు కాదు, ఉప్పు ఎక్కువైంది. ఎవరు చేశారు?” అన్నది అమ్మ.

చేసింది మా ఆవిడ. ఆ ఒక్కసారికి ఆమెకు కోపం రాలేదు.

అమ్మ చాలాసేపు తల ఎత్తి బద్దలవంక చూసింది. పాత దూలాలని మేము చెప్పలేదు. తానే పోల్చుకుందో లేదో మేమూ అడగలేదు. చివరికి, “ఇన్ని సందులు పెట్టారు, బూజు ఎవరు దులుపుతారు?” అన్నది.

అప్పటినుంచి శనివారం శనివారం బూజుకర్ర పట్టుకుని నేనే దులుపుతున్నాను. కింద కుర్చీలో కూర్చుని, ఎక్కడ మిగిలిందో అమ్మ చెబుతూ ఉంటుంది.