సదస్సుకు వెళ్లి... మొక్కు తీర్చుకుని!

విశాఖపట్నంలో రెండ్రోజుల చరిత్ర అధ్యాపకుల సదస్సు. పత్రం సమర్పించడానికి నన్ను రమ్మంటూ ఉత్తరం వచ్చింది. ఆ మాట ఇంట్లో చెప్పగానే వంటింట్లో ఉన్న అమ్మ బయటికొచ్చింది. ‘విశాఖపట్నం అంటే సింహాచలం దగ్గర్నే గదా బిడ్డా?’ అంది. అంతే, నాకు విషయం అర్థమైపోయింది.

పెళ్లయిన చాలా ఏళ్లవరకూ అమ్మకు పిల్లలు లేరట. అప్పట్లో వరంగల్‌లో మా పక్కింట్లో విజయనగరం నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉండేది. సింహాచలంలో కప్పస్తంభం ఉంది, దాన్ని కౌగిలించుకుంటే సంతానం కలుగుతుందని ఆ ఇంటావిడ చెప్పిందట. అంత దూరం వెళ్లే స్తోమత లేక, ‘బిడ్డ పుడితే తీసుకొచ్చి చూపిస్తాను స్వామీ’ అని అమ్మ ఇంట్లోనే మొక్కుకుంది. నేను పుట్టాను. నాన్న మిల్లు జీతం, ఇల్లు, తమ్ముడి చదువు, పెళ్లిళ్లు... ఏటా వాయిదా పడుతూ యాభై ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు అమ్మకు 74. మోకాళ్లు సహకరించడం లేదు. ఈసారి వదిలేస్తే ఇక కుదరదనిపించింది. అమ్మకూ, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికీ కూడా టిక్కెట్లు తీశాను. నవంబరులో ఓ సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉన్నాం.

మొదటిసారి సముద్రం

తొలిరోజు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రారంభ సభ, ప్రసంగాలు. సాయంత్రం నాలుగున్నరకు బయటపడి అమ్మనూ అమ్మాయినీ రామకృష్ణా బీచ్‌కు తీసుకెళ్లాను. అమ్మ సముద్రాన్ని చూడటం అదే మొదలు. కాసేపు మాటే రాలేదు. ఆ తర్వాత ‘మన భద్రకాళి చెరువు దీని ముందట చెంబెడు నీళ్లు’ అని నవ్వింది. అల వచ్చి పాదాలు తడిపితే చిన్నపిల్లలా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బీచ్ రోడ్డు పక్కనే ఉంది కురుసుర జలాంతర్గామి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పాల్గొంది. 2001లో విధుల నుంచి తప్పించాక ఒడ్డుకు చేర్చి, 2002లో మ్యూజియంగా మార్చారు. పొడవు 91 మీటర్లు. అమ్మ మెట్లెక్కలేనంది. బెంచీ మీద కూర్చోబెట్టి చేతిలో మురీ మిక్చర్ పొట్లం పెట్టి మేమిద్దరం లోపలికెళ్లాం. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరుతుంటే, సుమారు డెబ్భై అయిదుమంది అంత ఇరుకులో రోజుల తరబడి నీళ్ల కింద ఎలా ఉండేవాళ్లా అనిపించింది. ఒకదాని మీద ఒకటి పడకలు, చిన్న వంటగది, టార్పెడోలు... బయటికొచ్చాక మా అమ్మాయి అవన్నీ అమ్మమ్మకు పూసగుచ్చినట్లు చెప్పింది. అంతా విని ‘పాపం, వాళ్ల తల్లులు ఎట్ల నిద్రపోయేటోళ్లో’ అంది అమ్మ.

ఎదురుగా రోడ్డుకు అటువైపు ఉన్న టీయూ-142 యుద్ధ విమానం 2017లో మ్యూజియంగా మారింది. దాని రెక్కల కింద నిల్చుని ఫొటోలు దిగి హోటల్‌కు చేరాం. తీరా చూస్తే అక్కడ లిఫ్టు పనిచేయడం లేదు. రెండంతస్తులు ఎక్కేసరికి అమ్మకు మోకాళ్లు వాచాయి. రేపు కొండ మీద ఎలా నడుస్తుందోనని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అప్పన్న సన్నిధిలో...

నా పత్రం మర్నాడు మధ్యాహ్నం అనుకున్నాను. రాత్రి పదింటికి ఫోను... ఉదయం పదకొండున్నరకు మార్చారట. దర్శనం సాయంత్రానికి వాయిదా వేద్దామా అంటే అమ్మ ముఖం చిన్నబోయింది. ఇప్పటికి ఎన్ని వాయిదాలో! తెల్లవారుజామునే కారు మాట్లాడుకుని బయల్దేరాం. ఊరి నుంచి పదహారు కిలోమీటర్లుంటుంది. కింది నుంచి మెట్ల దారి ఉన్నా, ఘాట్ రోడ్డు మీద వాహనాలు గుడి దగ్గరి దాకా వెళతాయి. దారి పొడవునా పచ్చటి కొండలు, అనాస తోటలు, పనస చెట్లు. అమ్మే వాళ్ల బుట్టల్లోంచి సంపెంగల వాసన.

ఇక్కడ స్వామి వరాహ నరసింహుడు. ఉత్తరాంధ్ర వాళ్లకు ‘సింహాద్రి అప్పన్న’. ఏడాది పొడవునా చందనం పూతలో లింగాకారంలో కనిపిస్తాడు. వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజే ఆ చందనాన్ని ఒలిచి నిజరూప దర్శనం కల్పిస్తారు. ఆ తర్వాత విడతకు మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలుగా మళ్లీ చందనం సమర్పిస్తారు. పుట్టలో దొరికిన స్వామిని, పుట్టమన్నుకు బదులు చందనంతో కప్పమని పురూరవ చక్రవర్తికి ఆజ్ఞ అయిందని స్థలపురాణం. గుడి పడమర ముఖంగా ఉండటం మరో విశేషం. కళింగ దండయాత్ర సమయంలో 1516లో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికొచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించినట్లు శాసనం ఉంది. రాళ్ల మీది ఆ అక్షరాలను చూస్తుంటే చరిత్ర పాఠాలు చెప్పే నాకు ఒళ్లు పులకరించింది.

దర్శనమయ్యాక కప్పస్తంభం దగ్గరికెళ్లాం. చుట్టూ కొత్త దంపతులు, పసిపిల్లల తల్లులు. వాళ్ల మధ్య డెబ్భై నాలుగేళ్ల అమ్మ, తల నెరుస్తున్న నేను! నాకు కాస్త సిగ్గేసింది. అమ్మకు అదేం పట్టలేదు. నన్ను ముందుకు తోసి ‘ఇగో స్వామీ, నా బిడ్డ’ అంది, ఎవరికో పరిచయం చేస్తున్నట్లు. ఇద్దరం చెరోవైపు నిల్చుని స్తంభం చుట్టూ చేతులు చాచాం. చల్లటి రాతికి అటువైపు అమ్మ వేళ్లు నా వేళ్లను పట్టుకున్నాయి. అవి వణుకుతున్నాయి. ‘తీరింది బిడ్డా, యాభై ఏండ్ల బాకి’ అంది మెట్లు దిగుతూ. మోకాళ్ల నొప్పి మాటే ఎత్తలేదు.

సభకు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. నుదుటి మీద చందనం చూసి అధ్యక్షులవారు నవ్వి, నా పేరే పిలిచారు.

తొట్లకొండ నుంచి శ్రీకూర్మం దాకా

ఆ సాయంత్రం నిర్వాహకులు అందరినీ బస్సులో భీమిలి దారిలోని తొట్లకొండకు తీసుకెళ్లారు. కొండరాతిలో తొట్లు తొలిచి వాననీళ్లు నిల్వ చేసుకున్న బౌద్ధ భిక్షువుల విహారమిది. 1970ల్లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడింది. 1988 నుంచి 1993 వరకూ పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే స్తూపం, భిక్షువుల గదులు, సాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. రెండువేల ఏళ్ల కిందట ఈ తీరానికీ పరదేశాలకూ ఉన్న రాకపోకలకు అవే సాక్ష్యం. అక్కడి నుంచి చూస్తే కింద నీలంగా సముద్రం!

మూడోరోజు ఆదివారం. వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణించి శ్రీకాకుళం చేరాం. ఊరికి ఆనుకునే ఉన్న అరసవల్లిలో సూర్యనారాయణస్వామి గుడి. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులపాటు ఉదయపు కిరణాలు నేరుగా స్వామి పాదాలను తాకుతాయి. మేం వెళ్లింది నవంబరు కాబట్టి ఆ దృశ్యం చూసే భాగ్యం దక్కలేదు. అక్కడి నుంచి శ్రీకూర్మం. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే అరుదైన క్షేత్రం. ఈ గుడిలో రెండు ధ్వజస్తంభాలుంటాయి. ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లను చూసి ‘నా లెక్కనే మెల్లగ నడుస్తున్నయ్’ అని అమ్మ ఒకటే నవ్వు.

రాత్రి రైల్లో అమ్మ సీటు కింద అనాస పండ్ల సంచి, ఒళ్లో ప్రసాదం. ఎన్నో సదస్సులకు వెళ్లాను. పని కాగానే పరుగున తిరిగొచ్చేదాన్ని. పక్క సీటులో అమ్మను కూర్చోబెట్టుకోవచ్చన్న ఆలోచన ఇన్నేళ్లూ ఎందుకు రాలేదో! మీకూ అలాంటి ప్రయాణం తగిలితే, ఇంట్లో పెద్దవాళ్లను ఓసారి అడిగి చూడండి. ఏ మొక్కు మిగిలిపోయిందో!

ఎలా వెళ్లాలంటే: విశాఖకు అన్ని ప్రధాన నగరాల నుంచీ రైళ్లు, బస్సులు ఉన్నాయి. సింహాచలానికి ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి సిటీ బస్సులు తిరుగుతాయి. కురుసుర మ్యూజియానికి సోమవారం సెలవు. అరసవల్లి, శ్రీకూర్మం చూడాలంటే శ్రీకాకుళం చేరుకుని అక్కడి నుంచి ఆటోలో వెళ్లొచ్చు. చందనోత్సవం నాడు విపరీతమైన రద్దీ ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్లేవారు మామూలు రోజుల్లో, ఉదయాన్నే వెళితే మంచిది.