ఆల్చిప్పకి ఇంటిపేరు

పాపని బళ్ళో వేయడానికి దరఖాస్తు నింపుతూ ‘ఇంటిపేరు’ గడి దగ్గర ఆగిపోయాను. యూరప్ వంశచిహ్నాల గురించి చదువుతున్న రోజులవి. విసనకర్రలా విచ్చుకున్న స్కాలప్ ఆల్చిప్ప నన్ను వదల్లేదు.

1480లలో బొత్తిచెల్లి గీసిన వీనస్ నిలబడింది దానిమీదే. అంతకు చాలా ముందే, 12వ శతాబ్దానికే, స్పెయిన్‌లోని సాంతియాగో దె కొంపొస్తెలాకి నడిచివెళ్ళే యాత్రికులకి అది గుర్తయింది. తర్వాత కులీనుల డాళ్ళమీదకీ ఎక్కింది. డాలు మగవాళ్ళ యుద్ధసామగ్రి. అందుకని ఇంగ్లండ్‌లో పెళ్ళికాని స్త్రీలూ, వితంతువులూ తమ వంశచిహ్నాన్ని డైమండ్ ఆకారపు పలకమీద వేసుకోవడం సంప్రదాయం.

డయానా పుట్టింటివారైన స్పెన్సర్ల చిహ్నంలో మూడు ఆల్చిప్పలుంటాయి. ఆమె 1997లో చనిపోయింది. 2000లో పెద్దకొడుకు విలియమ్‌కి ఇచ్చిన చిహ్నంలో తల్లి గుర్తుగా చిన్న ఎర్ర ఆల్చిప్పని చేర్చారు. చదివి కళ్ళు చెమర్చాయి. మర్నాటికి అనుమానం మొదలైంది. అది ఆమెదెలా అవుతుంది? ఆమె తండ్రిది, తాతది కదా!

నేనూ అంతే. పెళ్ళయ్యాక మార్చుకోనని పోట్లాడి నిలుపుకున్న ఇంటిపేరు మా నాన్నది. డాక్టరేట్ పట్టామీదున్నదీ అదే. మరి అమ్మదేది? అమ్మమ్మదేది?

అమ్మమ్మ ఆల్చిప్పని బండమీద అరగదీసి, చిల్లు చేసి, దాంతో మామిడికాయల చెక్కు తీసేది. అది అమ్మకొచ్చింది. ఇప్పుడు నా వంటింట్లో ఉంది. దానిమీద ఏ ఇంటిపేరూ లేదు.

గడిలో మాత్రం నా ఇంటిపేరే రాశాను, నాన్నదని తెలిసే.