మోగకూడని పెట్టె

బొబ్బిలి వీణ చేసేవారు పనస దుంగను తొలిచి కుండ తీస్తారు. ఆ కొయ్య మోగాలి, అదే దాని పని. స్పీకరు పెట్టె సంగతి సరిగ్గా తలకిందులు. అందులో పలకవలసింది కోను ఒక్కటే. పెట్టె కూడా గొంతు కలిపిందంటే పాట చెడినట్టే.

మా నాన్నగారు 2013లో పోయారు. మూడు తరాలుగా చెన్నైలో ఉన్నా ఆయన తెలుగులో ఒత్తు జారేది కాదు. మనవల కోసం భాగవత పద్యాలు చదివి రెండు క్యాసెట్లు నింపి వెళ్లారు. కిందటేడు వాటిని పుస్తకాల అరలోని చిన్న స్పీకర్లలో పెడితే, అమ్మ కాసేపు విని, “గొంతు ఆయనదేగాని, బానలో తల పెట్టి చదివినట్టుందిరా” అంది. మా పిల్లలకు బడిలో తెలుగు లేదు; రావలసింది చెవి దారినే. ఆ చెవికి మాట అందకపోతే ఇంకేముంది?

హెడ్‌ఫోన్‌లో అదే క్యాసెట్ స్పష్టంగా ఉంది. పెట్టె పక్క చెక్కను వేలి కణుపుతో తట్టాను. అంచున ‘టక్’మంది, నడుమ ‘బొమ్’మంది. దొంగ దొరికాడు!

కోను ముందుకు కదిలినప్పుడల్లా దాని చట్రం పెట్టెను వెనక్కి తోస్తుంది. చెక్క అదిరేది కంటికి కనిపించనంతే. కానీ దాని వైశాల్యం కోనుకు ఎన్నో రెట్లు. పైగా కోను ఆగాక కూడా చెక్క కాసేపు మోగుతుంది. ఆ తోక తరువాతి అక్షరం మీద పడుతుంది. చిన్న పెట్టెల చెక్కలు సాధారణంగా కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. మగ గొంతులోని గాంభీర్యమూ అక్కడే ఉంటుంది.

ముందు ఎడమ పెట్టె ఒక్కటే విప్పాను, తేడా తెలియాలిగా. రెండు పక్క చెక్కల మధ్య ఒక టేకు అడ్డబద్ద బిగించి ఫెవికాల్‌తో అతికించాను. సరిగ్గా నడుమ కాదు, కొంచెం పక్కకు. నడుమ పెడితే రెండు సగాలూ ఒకే శ్రుతిలో మోగుతాయి. అయితే బద్ద మోతను చంపదు, శ్రుతిని పైకి నెడుతుంది, అంతే. చంపడానికి పుదుపేటలో, కారు తలుపుల లోపల అతికించే తారు షీటు తెచ్చి గోడలకు వేశాను. అదురును అది వేడిగా మార్చి మింగేస్తుంది. 1970లలో బి.బి.సి. ఇంజనీర్లు ఎల్.ఎస్. 3/5ఎ అనే చిన్న స్పీకరుకు చేసిందీ ఇదే: 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్, లోపల తారు పొర. మందపు చెక్కే మంచిదనుకునే మనవాళ్లకు ఇది మింగుడుపడదు. కొందరు దూది కూరతారు; అది లోపలి గాలిలోని శబ్దాన్ని పీలుస్తుందిగాని చెక్కను ఆపదు. పెట్టె కింద నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు కూడా పెట్టాను, అర మోగకుండా.

అమ్మకు ఏమీ చెప్పలేదు. అదే పద్యాన్ని ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వినిపించాను. ఎడమవైపు చూపించి, “ఇదీ మీ నాన్న” అంది. మా చిన్నవాడు ఒక మాటకు అర్థం అడిగాడు. ఇద్దరూ నిఘంటువు తీసి కూర్చున్నారు. కుడి పెట్టె వచ్చే ఆదివారం విప్పాలి.